పౌలు తర్వాత డైరెక్టుగా లూథరేనా?

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

గుడ్ ఫ్రైడేకి మీ పేపర్లో వేసిన స్పెషల్ పేజీ చదివాను, బానే ఉంది, కాకపోతే పేతురు, పౌలు గురించి రాసి అక్కణ్ణించి ఒక్క గెంతులో 1517లో ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలెట్టిన లూథర్ దగ్గరికి, ఇంకో గెంతులో 1836లో ఇంగ్లండ్ నుంచి బయల్దేరి మన నరసాపురం చేరిన మిషనరీలు బౌడెన్, బీర్ దొరల దగ్గరికి వచ్చేశారు. మధ్యలోవాళ్ళంతా, ముఖ్యంగా తొలినాటి సంఘ పితరులు, ఏమైపోయారండి? మిమ్మల్నొక్కళ్ళనే అనట్లేదు, మా చర్చిల్లోనూ అంతే. ప్రభు రాత్రి భోజన సంస్కారం ఇచ్చే ఆదివారం నైసియా విశ్వాస ప్రమాణం గడగడా అప్పజెప్పేస్తాం గానీ, దానికి పునాది 325లో నైసియాలో కూర్చున్న బిషప్పుల సభ అనీ, యేసు తండ్రితో సమానమైన దేవుడే అన్న ఆ సభ మాట మీద నిలబడినందుకు అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్‌ని ఐదుసార్లు ఊళ్ళోంచి వెళ్ళగొట్టారనీ, మొత్తం 17 ఏళ్ళు ఆయన పరాయి చోట్లే తలదాచుకున్నాడనీ ఎంతమందికి తెలుసు. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న కొత్త నిబంధన 27 పుస్తకాల లిస్టు సరిగ్గా రాసింది కూడా ఆయనే, 367లో ఒక ఉత్తరంలో.

అంతెందుకు, లూథర్ గారే అగస్టీన్ పేరుతో నడిచే సన్యాసుల మఠం మనిషి. ఆ అగస్టీన్‌ది ఇప్పటి అల్జీరియా. టెర్టూలియన్‌ది ఇప్పటి ట్యునీషియాలోని కార్తేజ్, ఒరిజెన్‌ది ఈజిప్టు, వీళ్ళంతా తొలినాటి క్రైస్తవ పండితులు, ఆఫ్రికావాళ్ళే. ఇది దొరలు తెచ్చిన మతం అని టీకొట్టు దగ్గర వాదించేవాళ్ళకీ, నిజమేనేమో అని తలూపే మావాళ్ళకీ కూడా ఈ సంగతి చెప్పేవాళ్ళు లేరు.

వీళ్ళందర్లోకీ నాకు బాసిల్ అంటే ఇష్టం. ఇప్పటి టర్కీలో కైసేరి అంటారే, ఆ ఊరు. కలిగిన కుటుంబం, ఏథెన్స్‌లో చదువు. 369 ప్రాంతంలో వానల్లేక అక్కడ ఘోరమైన కరువొచ్చింది, కాటన్ దొర ఆనకట్ట కట్టకముందు మనవైపు వచ్చిన నందన కరువు లాంటిదనుకోండి. ధాన్యం ఉన్నవాళ్ళు రేటు పెరుగుద్దని కొట్లకి తాళాలేసుక్కూర్చున్నారు. అక్కడి చర్చిలో పాదిరీగా ఉన్న ఈయన లేచి, పాత కొట్లు పడగొట్టి పెద్దవి కడతానన్న ధనవంతుడి ఉపమానం ఎత్తుకుని, నువ్వు దాచిన రొట్టె ఆకలిగొన్నవాడిది, పెట్టెలో పెట్టిన బట్ట ఒంటి మీద గుడ్డ లేనివాడిది అని మొహం మీదే చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. ఒప్పించి కొట్లు తెరిపించాడు, గుండిగల్లో పప్పుధాన్యాలతో జావలా కాయించి, ఉప్పేసి నిలవబెట్టిన మాంసం ఉన్నంతవరకూ పెట్టించి, స్వయంగా వడ్డించాడు. తర్వాత ఊరి బయట రోగులకీ, కుష్ఠువాళ్ళకీ, దారిన పోయేవాళ్ళకీ పెద్ద ఆశ్రయం కట్టించాడు. మిల్లులూ గోదాములూ ఇన్ని ఉన్న మన డెల్టాలో ఈ ప్రసంగం ఏ కన్వెన్షన్లోనూ నా చెవిన పడలేదండి, కానుకలిచ్చేది ఆ మిల్లులవాళ్ళే కాబట్టేమో మరి.

కాన్‌స్టాంటినోపుల్, అంటే ఇప్పటి ఇస్తాంబుల్, బిషప్పు క్రిసోస్టమ్ ఇంకా కఠినం. గుళ్ళో క్రీస్తుకి పట్టుబట్టలు కప్పి, బయట చలికి వణికే క్రీస్తుని వదిలేస్తావా అని అడిగాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో పెద్దలకి గిట్టలేదు, వెళ్ళగొట్టారు, 407లో ఆ దారిలోనే చనిపోయాడు. మిలాన్ బిషప్పు ఆంబ్రోస్ అయితే 390లో, థెస్సలొనీకలో జనాన్ని ఊచకోత కోయించిన చక్రవర్తి థియోడోసియస్‌ని పశ్చాత్తాపపడితే గానీ సంస్కారానికి రానివ్వనన్నాడు. మా దగ్గర ఎమ్మెల్యే వస్తే వాక్యం ఆపేసి దండ వేస్తున్నారు, సరే అది వదిలేయండి.

నేనడిగేది ఒకటే, ఆదివారం భక్తి పేజీలో అర కాలమ్ ఇప్పించి వారానికొకళ్ళ గురించి వేయండి. పొగడ్తలొద్దు, టెర్టూలియన్ చివర్లో వేరే వర్గం వైపు మళ్ళడం, క్రిసోస్టమ్ యూదుల మీద నోరు పారేసుకోవడం, అవీ రాయండి. బాసిల్‌తో మొదలెడితే మంచిది, దాళ్వా మాసూళ్ళు అయ్యేలోపు వస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక పాఠకుడు, నరసాపురం