కాల్పుల వెనుక ఉన్న లెక్కలు: అమెరికా అంతర్గత భద్రతా మంత్రికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

2010 జూన్‌లో మీ సరిహద్దు గస్తీ ఉద్యోగి ఒకరు టెక్సస్‌లోని ఎల్ పాసో వైపు నుంచి కాల్పులు జరిపి, సరిహద్దు అవతల మెక్సికో నగరం హ్వారెస్‌లో ఉన్న 15 ఏళ్ల మెక్సికన్ బాలుణ్ణి చంపారు. ఆ ఉద్యోగిపై తల్లిదండ్రులు పరిహారం కోసం వేసిన దావా చెల్లదని 2020లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది. దీన్ని ఒక్కరి దుడుకుతనంగా వదిలేయడానికి నేను ఒప్పుకోను.

1994 జనవరిలో అమెరికా, కెనడా, మెక్సికోల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నాఫ్టా అమల్లోకి వచ్చింది. మీ ప్రభుత్వ రాయితీలతో పండిన చౌక మొక్కజొన్న మెక్సికో మార్కెట్లను ముంచెత్తింది. గిట్టుబాటు కాక చిన్న రైతులు ఊళ్లు విడిచారు. అదే ఏడాది అక్టోబరులో శాన్ డియేగో దగ్గర, అనుమతి లేకుండా సరిహద్దు దాటేవారిని ఆపడానికి గస్తీని కట్టుదిట్టం చేసే ఆపరేషన్ గేట్‌కీపర్ మొదలైంది. సరుకుకు తలుపు తీశారు, ఆ సరుకు దెబ్బతీసిన మనిషికి మూశారు. పట్టణాల దగ్గర దారి లేక జనం సొనోరా ఎడారికి మళ్లారు. సరిహద్దు పొడవునా వేలమంది చనిపోయారు. ఎడారికి భయపడి వాళ్లే ఆగిపోతారని లెక్కవేసిన విధానమది!

మీ పొలాల్లో పంట కోసే కూలీల్లో దాదాపు 40 శాతం మందికి దేశంలో ఉండేందుకు అనుమతి పత్రాలు లేవు. కూలి ఎగ్గొట్టినా, గస్తీవాడు కొట్టినా వాళ్లు నోరు విప్పలేరు. ఆ మౌనం యజమానికి లాభం, లాఠీకి ధైర్యం.

నేను వీసాతో విమానం దిగిన తెలుగువాడిని. నా చదువుకు డబ్బు పెట్టగల కుటుంబం ఉండటమే నాకూ వాళ్లకూ తేడా.

ఆ కూలీలకు చట్టబద్ధ హోదా ఇవ్వాలని మీ చట్టసభ కాంగ్రెస్‌ను కోరండి. గస్తీ ఉద్యోగులపై ఫిర్యాదుల విచారణను మీ శాఖ వెలుపలి వారికి అప్పగించండి.