ఈసారి రంగు గుడ్లు అమ్మడం లేదు, ఇంట్లోనే వేసుకోండి

ఒంగోలులో మా గుడ్ల కొట్టుకి వచ్చే అందరికీ నమస్కారం. ఏప్రిల్ 5 ఆదివారం ఈస్టర్. దానికి వారం ముందొచ్చే మట్టల ఆదివారం రాకముందే "ఏందక్కా, రంగు గుడ్లు ఎప్పుడు పెడతారు?" అని అడగడం మొదలుపెట్టారు. ఈ సంవత్సరం పెట్టడం లేదు. ఎందుకో ఒక్కొక్కరికీ కౌంటర్ దగ్గర చెబుతుంటే వెనక జనం ఆగిపోతున్నారు, అందుకని రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. మామూలు తెల్ల గుడ్డు మీద మాకు మిగిలేది పైసల్లోనే. నెక్ (గుడ్ల ధర చెప్పే జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) రేటు రోజుకో రకంగా ఉంటుంది, మా చేతిలో ఏమీ లేదు. రంగు గుడ్డు మీద మాత్రం బాగానే మిగులుతుంది. అందుకని గిట్టుబాటు కాక మానేశామనుకోకండి. మానేసింది ఎండ వల్ల. రంగు గుడ్లంటే ఉడకబెట్టి రంగు వేసినవే. ఉడకబెట్టిన గుడ్డు పచ్చి గుడ్డు కన్నా ఎక్కువ రోజులు ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. పచ్చి గుడ్డు పెంకు మీద కంటికి కనపడని సన్నటి పొర ఉంటుంది. పెంకుకున్న వేల రంధ్రాలను అదే మూసి ఉంచుతుంది. ఉడికిస్తే ఆ పొర పోతుంది. ఇక ఫ్రిజ్‌లో పెడితే వారం, బయటయితే రెండు గంటలు. మన ఏప్రిల్ ఎండకు గంటే లెక్క. అలాంటి గుడ్లను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బల్ల మీద పేర్చి పిల్లల కోసం అమ్మడం నాకు మనసొప్పడం లేదు. పైగా రంగు వేశాక ఆ గుడ్డు ఎప్పటిదో, ఎక్కడైనా చిట్లిందో కొనేవాళ్లకు తెలిసే దారి లేదు.

ఒంగోలుకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలం నుంచీ మన ఊళ్లో ఈస్టర్ ఉంది. తెల్లవారుజామున ప్రార్థన, సమాధుల తోటలో కొవ్వొత్తులు, మధ్యాహ్నం ఇంటినిండా చుట్టాలు. రంగు గుడ్లు మాత్రం మనకు ఈమధ్య సండే స్కూళ్ల నుంచి, ఫోన్ల నుంచి వచ్చిన సరదా. గ్రీసు వైపు ఎర్ర గుడ్లు చేస్తారు, అది క్రీస్తు రక్తానికి గుర్తు. ఆ దేశాల్లో చాలా ఇళ్లలో ఆ ఎరుపు కోసం వాడేది ఉల్లిపాయ పొట్టే. మనం రోజూ చెత్తబుట్టలో వేసేది.

అందుకే ఉల్లిపొట్టుతోనే మొదలుపెట్టండి. దానితో పని చెడదు. ఓ గిన్నె నిండా పొట్టు వేసి, మునిగేదాకా నీళ్లు పోసి అరగంట సన్నని మంట మీద మరగనివ్వండి. వడకట్టి చల్లార్చాక గ్లాసుకు ఒక పెద్ద చెంచా వెనిగర్ కలపండి. గుడ్లను ఆ నీళ్లలోనే ఉడికించినా సరే, ఉడికిన గుడ్లను రాత్రంతా అందులో వేసి ఫ్రిజ్‌లో పెట్టినా సరే. తెల్ల గుడ్డు మీద నారింజ నుంచి ఇటుక రంగు దాకా వస్తుంది. నాటు గుడ్డయితే ఇంకా ముదురుగా వస్తుంది.

పసుపు గురించి చెప్పక్కర్లేదు, మన చేతులకే తెలుసు. గుడ్డలో వడకట్టండి, లేకపోతే గుడ్డు మీదంతా చుక్కలు పడతాయి. ఎండ తగిలితే వెలిసిపోతుంది కాబట్టి కిటికీ దగ్గర పెట్టకండి. బీట్‌రూట్ మీద ఆశ పెట్టుకోకండి. నీళ్లు చూస్తే రక్తంలా ఉంటాయి, గుడ్డు మీదకొచ్చేసరికి లేత గులాబీ, ఆరాక కాస్త మట్టి రంగు. వేడికి ఆ రంగు విరిగిపోతుంది. నీలం కావాలంటే ఊదా క్యాబేజీ. సూపర్ మార్కెట్లో దొరుకుతుంది కానీ ధర చూసి వెనక్కి పెట్టేవాళ్లే ఎక్కువ. కంచెల మీద పాకే శంఖుపూలు కోసుకొచ్చుకోండి, ఉచితం. వెనిగర్ పడగానే నీళ్లు ఊదాగా మారతాయి, కంగారు పడకండి. పెంకులో ఉండేదంతా దాదాపు సున్నమే, దానికి తగిలాక నీలం వైపు తిరుగుతుంది. నీలం గుడ్డును కాసేపు పసుపు నీళ్లలో ముంచితే ఆకుపచ్చ వస్తుంది.

పిల్లలకు బాగా నచ్చే పని ఇంకోటుంది. చింతాకు రెమ్మ గానీ కొత్తిమీర గానీ తడిపి గుడ్డు మీద పరవండి. పాత పంచె ముక్క చుట్టి, వెనక బిగించి దారంతో కట్టండి. అలాగే ఉల్లిపొట్టు నీళ్లలో వేయండి. చల్లారాక ముడి విప్పి, ఆకును గోటితో మెల్లగా లేపితే అడుగున ఒక్కొక్క చిన్నాకూ తెల్లగా, వరసగా కనిపిస్తుంది. గుడ్డ వదులుగా ఉంటే అంచులు అలుక్కుపోతాయి. కొవ్వొత్తితో పేర్లు రాసి ముంచొచ్చు కూడా, కాకపోతే నీళ్లు చల్లగా ఉండాలి, వేడికి మైనం కరిగిపోతుంది. రంగోలి పొడులు, హోలీ రంగులు మాత్రం వద్దు. చిట్లిన చోట నుంచి లోపలికి దిగితే అవి తినేవి కావు.

ఇక గుడ్ల విషయం. ఈ నెలల్లో పెంకు పలచగా ఉందని మమ్మల్ని కోప్పడుతున్నారు. ఎండకు కోళ్లు రొప్పుతాయి. రొప్పినప్పుడు ఒంట్లో కార్బన్ డై ఆక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది, పెంకు గట్టిపడడానికి కావాల్సిన సరుకు తగ్గుతుంది. ఎక్కడ కొన్నా ఇంతే. కాబట్టి గుడ్లను మరిగే నీళ్లలో వేయకండి, చల్ల నీళ్లలో పెట్టి పొయ్యి వెలిగించండి. వెనిగర్ ఉంది కదా అని ఎక్కువ పోయకండి, బుడగలు వచ్చాయంటే పెంకు కరుగుతున్నట్టే.

"ఈ రోజు వచ్చినవే ఇవ్వక్కా" అని అడగకండి. ఉడికించి ఒలవడానికి నాలుగైదు రోజుల గుడ్డే మేలు. తాజా గుడ్డయితే తెల్లసొన పెంకుతో పాటు ఊడొస్తుంది. అలాంటి ట్రేలు పక్కన పెట్టాం, అడిగి తీసుకోండి. ఆమ్లెట్లకు తాజావి వేరే ఉన్నాయి.

నాటు గుడ్ల మీద అనుమానం ఉన్నవాళ్లకు ఒక మాట. తెల్ల గుడ్లను టీ డికాక్షన్‌లో ముంచి నాటు గుడ్లని అమ్మేవాళ్లు ఉన్నారు, కాదనను. పైన చెప్పిన పద్ధతి లాంటిదే అది కూడా. అయితే వెనిగర్‌తో రుద్దితే రంగు పోతే నకిలీ అని తిరుగుతున్న వీడియోను నమ్మకండి. అసలు నాటు గుడ్డుకి కూడా ఆ గోధుమ రంగు పెంకు పైపొరల్లోనే ఉంటుంది, పులుపు తగిలితే అదీ పోతుంది. ట్రేలో అన్నీ ఒకే సైజు, ఒకే రంగు ఉంటే అప్పుడు అనుమానించండి. మా దగ్గర పల్లెల నుంచి వచ్చే నాటు గుడ్లు ఏ రెండూ ఒకలాగ ఉండవు. చిన్నవొచ్చాయని తిట్టేవాళ్లు కూడా ఉన్నారు.

ట్రే లెక్కన కావాల్సిన వాళ్లు గుడ్ ఫ్రైడే లోపే చెప్పండి. శనివారం వస్తే ఉన్నవే ఇస్తాం. ఉల్లిపొట్టు బస్తా కౌంటర్ పక్కన పెట్టాం, డబ్బులేం లేవు, సంచి మాత్రం మీరే తెచ్చుకోండి. ఆదివారం మేమూ చర్చికి వెళ్తాం, కొట్టు పదకొండు తర్వాతే తీస్తాం. పోయినసారి తీసుకెళ్లిన ప్లాస్టిక్ ట్రేలు ఇళ్లలో ఉంటే దయచేసి తెచ్చివ్వండి, మా ఆయన రోజూ నన్నే అడుగుతున్నాడు.