సీట్లు పడిపోయాయి, మద్దతు పడిపోలేదు

సంపాదకుడికి నమస్కారం.

బ్రిటన్ నుంచి విడిపోవాలన్న స్కాట్లాండ్ స్వాతంత్ర్య ఉద్యమం పని అయిపోయిందంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. నేను స్కాట్లాండ్‌లోని డండీ నగరంలో స్థిరపడిన తెలుగువాణ్ణి, స్వాతంత్ర్యం కోరే స్కాటిష్ నేషనల్ పార్టీ కార్యకర్తని. కాబట్టి తటస్థుణ్ణని చెప్పుకోను. అయినా ఆ వ్యాసం ఒక లెక్క చూపించి, ఇంకోటి వదిలేసిందని మాత్రం చెప్పాలి.

చూపించిన లెక్క నిజమే. 2015లో బ్రిటన్ పార్లమెంటుకు ఇక్కడున్న 59 స్థానాల్లో 56 గెలిచిన మా పార్టీ, 2024లో 57కి 9 దగ్గర ఆగిపోయింది. స్కాట్లాండ్ సొంత ప్రభుత్వంలో మాత్రం 2007 నుంచి మేమే అధికారంలో ఉన్నాం. పార్టీ నిధుల మీద పోలీసు దర్యాప్తు, వెంటవెంటనే ఇద్దరు ఫస్ట్ మినిస్టర్లు (ఇక్కడి ప్రభుత్వాధినేతలు) దిగిపోవడం, దీవులకు నడపాల్సిన ఓడల తయారీ ఏళ్ల తరబడి సాగడం... ఓటర్లకు విసుగు రాకపోతేనే ఆశ్చర్యం.

ఇక వదిలేసిన లెక్క. 2014 సెప్టెంబర్ 18న జరిగిన రెఫరెండంలో (ప్రజాభిప్రాయ సేకరణలో) స్వాతంత్ర్యానికి 44.7 శాతం ఓట్లు వచ్చాయి. (మా డండీలో 57 శాతం దాటాయి, ఈ గొప్ప చెప్పుకోకుండా ఉండలేను.) 2024 ఎన్నికల్లో పార్టీకి పడ్డవి 30 శాతమే. కానీ ఆ రోజుల్లో కూడా సర్వేల్లో స్వాతంత్ర్యానికి మద్దతు సగానికి కాస్త అటూ ఇటూగానే ఉంది. అంటే మా పార్టీ మీద కోపం వచ్చినవాళ్లంతా స్వాతంత్ర్యం వద్దనుకోలేదు. యువతలో ఆ మద్దతు ఇంకా ఎక్కువ. వయసు పెరిగితే వాళ్లూ మారతారని కొందరంటారు. మారొచ్చు, కానీ పదేళ్లు దాటినా మొత్తం మద్దతు అంకె 2014 కంటే కిందికి జారిపోలేదు కదా.

సీట్లు పోవడం మాకు కొత్త కాదు. 1979లో స్కాట్లాండ్‌కు సొంత అసెంబ్లీ కావాలా అని అడిగితే ఓటేసినవాళ్లలో 51.6 శాతం కావాలన్నారు. మొత్తం ఓటర్లలో 40 శాతం ఒప్పుకోవాలన్న నిబంధన అడ్డొచ్చి అది ఆగిపోయింది. అదే ఏడాది ఎన్నికల్లో మా పార్టీ 11 సీట్ల నుంచి 2కి పడింది. కథ ముగిసిందని అప్పుడూ రాశారు. తర్వాత థాచర్ ప్రభుత్వం పోల్ టాక్స్‌ను (ఆదాయంతో పెద్దగా సంబంధం లేకుండా మనిషికింత అని వేసే పన్నును) ఇంగ్లండ్ కంటే ఏడాది ముందే, 1989లో, ఇక్కడ మొదలుపెట్టింది. జనం మండిపడ్డారు. 1997లో మళ్లీ అడిగితే 74 శాతం మంది సొంత పార్లమెంటు కావాలన్నారు. పార్టీకి పెద్దగా సీట్లు లేని కాలంలో కూడా ఆ కోరిక పెరుగుతూనే వచ్చింది. నా ఆశకు ఆధారం ఇదే.

దారి మూసుకుపోయిందన్న మాట మాత్రం కొట్టిపారేయలేను. లండన్‌లోని బ్రిటన్ ప్రభుత్వం ఒప్పుకోకుండా స్కాటిష్ పార్లమెంటు రెఫరెండం పెట్టలేదని 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. మాలాగే బ్రిటన్‌లో ఉన్న ఉత్తర ఐర్లండ్ సంగతి వేరు. అక్కడ మెజారిటీ ఐర్లండ్‌లో కలవాలనుకుంటున్నట్టు కనిపిస్తే ఓటింగ్ పెట్టాలని చట్టంలోనే ఉంది. మాకు అలాంటి ఏర్పాటు లేదు. 2016 బ్రెగ్జిట్ ఓటింగులో ఇక్కడ 62 శాతం మంది యూరోపియన్ యూనియన్‌లోనే ఉందామన్నా, మిగతా బ్రిటన్‌తో పాటు బయటికి రావాల్సి వచ్చింది. ఒక దేశం స్వచ్ఛందంగా కలిసి ఉందంటే విడిపోయే దారి కూడా చట్టంలో ఉండాలి కదా?

మావాళ్లతోనూ నాకో పేచీ ఉంది. ఎన్నిక వచ్చిన ప్రతిసారీ 'ఈసారి గెలిస్తే రెఫరెండమే' అని ఊరిస్తాం. ఇంటింటికీ వెళ్లినప్పుడు జనం అడిగేది అది కాదు. రేపు చేతికొచ్చేది ఏ కరెన్సీ, పెన్షన్ ఎవరిస్తారు, ఇంగ్లండ్ సరిహద్దులో చెకింగ్ ఉంటుందా అని. 2014లో పౌండ్ విషయంలో తడబడ్డాం, ఇప్పటికీ నాలుగు ముక్కల్లో చెప్పగలిగే జవాబు మా చేతిలో లేదు. అది దొరికితే సగం దగ్గర ఆగిన మద్దతు పెరుగుతుందని నా నమ్మకం.

మీకో విన్నపం. ఇక ముందు స్కాట్లాండ్ గురించి రాసేటప్పుడు పార్టీ సీట్లతో పాటు స్వాతంత్ర్యానికున్న మద్దతు అంకె కూడా పక్కనే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, డండీ