ఈ దసరాకి మా స్కేరీ హౌస్‌లో ఏం మారుతోంది, టికెట్ ఎందుకు పెరుగుతోంది

విజయనగరం, శ్రీకాకుళం వాళ్లందరికీ నమస్కారం. పండగ దగ్గర పడుతోంది కాబట్టి కష్టమైన మాట ముందే చెప్పేస్తాను. ఎగ్జిబిషన్‌లో మా స్కేరీ హౌస్ టికెట్ ఇప్పటిదాకా 50 రూపాయలు, ఈసారి 80. ఒక్కో బ్యాచ్‌కి పదిహేను మందిని పంపేవాళ్లం, ఇకపై ఆరుగురినే పంపుతాం. పన్నెండేళ్లలోపు పిల్లలకి లోపలికి అనుమతి లేదు.

ఈ మూడూ చాలామందికి నచ్చవని తెలుసు. పోయినేడు గంటల తరబడి లైన్లో నిలబడి, టికెట్ దొరక్క వెనక్కి వెళ్లినవాళ్లు ఉన్నారు. బ్యాచ్ చిన్నదైతే లైన్ ఇంకా పెరుగుతుంది కదా అని మీరు అడుగుతారు. పెరుగుతుంది. అయినా ఎందుకు ఈ నిర్ణయానికి వచ్చామో దాచకుండా రాస్తున్నాను.

పోయినేడు విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ముగిశాక, రేకులు, ప్లైవుడ్ అన్నీ విప్పి గోడౌన్‌కి చేర్చి, నేను సింగపూర్ వెళ్లాను. మా తమ్ముడు అక్కడ షిప్‌యార్డులో వెల్డరు. మన సిక్కోలు కుర్రాళ్లు అక్కడ ఎంతమంది ఉన్నారో మీకు తెలిసిందే. సెంటోసా దీవిలోని యూనివర్సల్ స్టూడియోస్ థీమ్ పార్కులో ఏటా హాలోవీన్ హారర్ నైట్స్ అని, దెయ్యాల ఇళ్లతో జనాన్ని భయపెట్టే రాత్రులు జరుగుతాయి. దెయ్యాల వేషాలు వేసుకునే హాలోవీన్ పండగ అక్టోబరు 31నే అయినా, సెప్టెంబరు చివరి నుంచే వారంలో కొన్ని రాత్రులు ఎంచుకుని నడుపుతారు. సింగపూర్‌లో ఇది 2011లో మొదలైంది. కరోనా వల్ల ఆగిపోయి 2022లో మళ్లీ వచ్చింది. అమెరికాలో అయితే ఓర్లాండోలోని యూనివర్సల్ పార్కులో 1991లోనే, మూడు రాత్రులతో మొదలుపెట్టారు. అంతకన్నా ముందు, 1973లో, కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫామ్ పార్కు ఈ దారి తొక్కింది. అంటే జనాన్ని డబ్బు తీసుకుని భయపెట్టడం అనే పనిని వాళ్లు యాభై ఏళ్లకు పైగా నేర్చుకుంటూ వచ్చారు. ఆ నేర్పు కళ్లారా చూద్దామనే నా ప్రయాణం.

వెళ్లాలనుకునే వాళ్లకి ఒక్క మాట. పగటి పూట పార్కు టికెట్ దీనికి పనికిరాదు, రాత్రికి వేరే టికెట్ కొనాలి. ఈవెంట్ ఉన్న రోజున పగటి జనాన్ని సాయంత్రం పెందలాడే పంపించేస్తారు. పదహారేళ్లలోపు పిల్లలకి ఇది తగదని ముందే హెచ్చరిస్తారు. మాస్కులు, దెయ్యం వేషాలు వేసుకుని రానివ్వరు. లోపల ఎవరు నటులో ఎవరు జనమో సిబ్బందికి తెలియాలి కదా, నాకు ఆ నియమం చాలా సబబుగా అనిపించింది. లైన్లు పెద్దవి. వాటిని దాటి వెళ్లడానికి ఎక్స్‌ప్రెస్ పాస్ అని అదనంగా అమ్ముతారు, అది మన జేబుకి భారమే. నేను మామూలు లైన్లోనే నిలబడ్డాను, ఎందుకంటే లైన్ ఎలా నడుపుతున్నారో చూడడం కూడా నాకు పనే.

ఇక లోపలి సంగతి. ఒక గదిలో గోడ నిండా పాత ఫొటో ఫ్రేములు. ఎడమ పక్కన మంచం మీద దుప్పటి కప్పుకున్న బొమ్మ, దాని మీద మసక దీపం. మా ముందున్న వాళ్లందరూ ఆ దుప్పటి ఎప్పుడు కదులుతుందా అని దాన్నే చూస్తున్నారు. నేనూ చూశాను, ఇది నా వృత్తి అయి ఉండి కూడా. దుప్పటి కదల్లేదు. కుడి పక్కన నా భుజం దగ్గరున్న ఫ్రేము కింద చెక్క ధడాలున జారింది, అందులోంచి ఒక ముఖం దూసుకొచ్చింది. ఓలమ్మో అని అరిచి మా తమ్ముడి చెయ్యి పట్టుకున్నాను. రెండు సెకన్లలో చెక్క మళ్లీ పైకి వెళ్లిపోయింది.

బయటికొచ్చాక దాని గురించే ఆలోచించాను. కళ్లని ఒక పక్కకి లాగి రెండో పక్క నుంచి కొట్టారు. చెక్క పడిన చప్పుడే సగం భయం పెట్టేసింది. ఆ నటుడి కాలి దగ్గర కుట్టుమిషన్ పెడల్‌లాంటి స్విచ్ ఉంటుంది. అతను తొక్కినప్పుడే లైటూ సౌండూ వస్తాయి, అందుకే ఎదురుగా మనిషి ఎప్పుడొస్తే అప్పుడే సరిగ్గా పడుతుంది. మన ఎగ్జిబిషన్లలో ఒకటే టేపు తిరుగుతూ ఉంటుంది, అరుపు ఒకసారి ముందొస్తుంది, ఒకసారి వెనకొస్తుంది. ఇంకో సంగతి గమనించాను. ఎక్కువసార్లు భయపెట్టింది వెనక నుంచో, పక్క నుంచో. ముందు నుంచి భయపెడితే జనం వెనక్కి తోసుకుంటారు, వెనకవాళ్ల మీద పడతారు. వెనక నుంచి అదిలిస్తే ముందుకే పరిగెడతారు, దారి ఖాళీ అవుతుంది. భయపెట్టడం, జనాన్ని కదిలించడం రెండూ ఒకే పని అన్నమాట.

అయితే అక్కడా ఒక లోపం చూశాను. జనం ఎక్కువైనప్పుడు ఆపకుండా గొలుసుగా పంపిస్తున్నారు. ముందువాళ్లు అరిస్తే వెనకవాళ్లకి ఏం రాబోతోందో తెలిసిపోతుంది. కొన్ని గదుల్లో నాకు భయమే వేయలేదు, కారణం అదే. ఆరుగురి బ్యాచ్ అన్నది అక్కడే నా మనసులో పడింది. మీరిచ్చిన ప్రతి రూపాయికీ ప్రతి గదిలో భయం దక్కాలి. పదిహేను మంది వెళితే ముందు ముగ్గురికే దక్కుతుంది.

నన్ను బాగా కదిలించిన సంగతి ఇంకొకటి ఉంది. సింగపూర్‌వాళ్లు అమెరికా దెయ్యాలతోనే సరిపెట్టుకోలేదు. మలయ్ కథల్లో పొంటియానక్ అని ఉంటుంది, పురుడులో చనిపోయిన ఆడమనిషి దెయ్యమై తిరుగుతుందని వాళ్ల నమ్మకం. దాన్ని తెచ్చారు. రోజూ అన్నం తినే హాకర్ సెంటర్‌నే, అంటే తిండి అంగళ్లన్నీ ఒకచోట ఉండే చోటునే, 2016లో ఒక దెయ్యాల ఇల్లుగా కట్టారు. తెలిసిన చోటు తేడాగా కనిపిస్తే వచ్చే భయం వేరు. మన ఎగ్జిబిషన్లలో ఏళ్ల తరబడి ఇంగ్లీషు సినిమా మాస్కులే చూస్తున్నాం, పుర్రెలు, గొడ్డలి పట్టుకున్న మనిషి. మన పిల్లలకి అవి కొత్త కాదు, ఫోన్లో రోజూ చూస్తారు.

అందుకని ఈసారి మా స్కేరీ హౌస్ మూతపడిన ఒక రైస్ మిల్లు. బెల్టు తిరిగే చప్పుడు, ఊక వాసన, కాటా దగ్గర లెక్క రాసుకుంటూ తల ఎత్తని గుమస్తా. మిగతాది లోపలికొచ్చి చూడండి. చిల్లంగి, చేతబడి మాత్రం పెట్టడం లేదు. "అప్పా (అక్కా), చిల్లంగి పెడితే జనం ఎగబడతారు" అని మా కుర్రాళ్లే అన్నారు. ఎగబడతారు, నిజమే. కానీ మన వైపు ఊళ్లలో చిల్లంగి పెట్టిందనే అనుమానంతో ముసలివాళ్లని, ఒంటరి ఆడవాళ్లని కొట్టిన, చంపిన ఘటనలు ఉన్నాయి. ఆ నమ్మకానికి నా టికెట్ డబ్బుతో బలం ఇవ్వను. తుఫాను కూడా పెట్టను. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ అక్టోబరులోనే వచ్చాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి చెట్లు కూలిన రాత్రిని గుర్తున్నవాళ్లు నా కస్టమర్లే.

ఇప్పుడు టికెట్ పెరగడానికి అసలు కారణం, నిప్పు. 1984 మే 11న అమెరికాలోని న్యూజెర్సీలో ఒక థీమ్ పార్కు దెయ్యాల కోటలో మంటలు లేచి ఎనిమిది మంది టీనేజి పిల్లలు చనిపోయారు. చీకట్లో దారి వెతుక్కోవడానికి వెలిగించిన లైటరు గోడకున్న స్పాంజికి తగిలిందని చెబుతారు. లోపల నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు. ఆ తర్వాతే అక్కడ ఇలాంటి ఇళ్లకి వేరే నియమాలు బిగించారు. పొగ పసిగట్టగానే సౌండు ఆగిపోవాలి, లైట్లు వాటంతటవే వెలగాలి, బయటికి దారి కనబడాలి. మన దేశంలో 2024 మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్ మంటల్లో పాతికమందికి పైగా పోయారు, వాళ్లలో పిల్లలున్నారు. ఆ వార్త చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనం కావాలనే చీకటి చేస్తాం, కావాలనే దారి తికమకగా కడతాం, కావాలనే అరిపిస్తాం. నిజంగా ప్రమాదం వచ్చి ఎవరైనా అరిస్తే ఎలా తెలుస్తుంది? ఈ పనిలో ఉన్న ప్రతివాళ్లూ వేసుకోవాల్సిన ప్రశ్న అది.

రైస్ మిల్లు అన్నాక గోనె సంచులు ఉండాలి. ఎండు గోనె ఎంత తొందరగా అంటుకుంటుందో మీకు చెప్పక్కర్లేదు. మా పెయింటరు రేకు మీద గోనె నేత గీసి చూపించాడు, పోగు పోగు గీశాడు, మసక వెలుతురులో చెయ్యి పెట్టి తడిమితే తప్ప తేడా తెలియడం లేదు. కాబట్టి లోపల నిజం గోనె లేదు, నిజం ఊక లేదు, థర్మకోల్, స్పాంజి అస్సలు లేవు. గుడ్డ తెరలకి మంట అంటకుండా మందు పట్టించాం. ప్రతి రెండు గదులకీ ఒక తలుపు నేరుగా బయటికి తెరుచుకుంటుంది, దానికి తాళం, గడియ ఉండవు. ఒక్క స్విచ్ నొక్కితే సౌండు ఆగి అన్ని లైట్లూ వెలుగుతాయి. ఆ స్విచ్‌లు లోపల మూడు చోట్ల, కౌంటర్ దగ్గర ఒకటి ఉన్నాయి. లైట్లకి వేరే బ్యాటరీ ఉంది, జనరేటర్ ఆగినా వెలుగుతాయి. అగ్నిమాపక శాఖ అనుమతి కాగితం టికెట్ కౌంటర్ దగ్గరే అతికిస్తాం, చదువుకుని రండి. పెరిగిన 30 రూపాయల్లో ఎక్కువ భాగం పోయేది వీటికే.

ఇంకో విషయం ఆడమనిషిగా నేనే రాయాలి. చీకటి ఇల్లంటే కొందరు మగవాళ్లకి చేతులు ఆగవు. ఇది అన్ని ఊళ్ల ఎగ్జిబిషన్లలో ఉన్నదే, ఆడపిల్లలు బయటికొచ్చి ఎవరికీ చెప్పుకోలేక వెళ్లిపోతారు. మా దగ్గర దెయ్యం వేషం వేసేవాళ్లలోనూ ఆడపిల్లలున్నారు. సాయంత్రం నాలుగింటికి కూర్చుంటే మేకప్ అయ్యేసరికి చీకటి పడుతుంది. మైదా, టిష్యూ, జిగురు పొరలు పొరలుగా ముఖానికి పట్టించుకుని, రాత్రంతా ఉక్కలో నిలబడి మిమ్మల్ని భయపెట్టే పిల్లని గిల్లడం, కొట్టడం, జుట్టు లాగడం సరదా అనుకునేవాళ్లున్నారు. సింగపూర్‌లో నేను చూసినంత మేరకు నటులు మనల్ని ముట్టుకోలేదు, మనం వాళ్లని ముట్టుకోకూడదని ముందే చెప్పారు. మలుపుల్లో నల్ల బట్టల్లో, చిన్న టార్చితో సిబ్బంది నిలబడి ఉన్నారు. వాళ్ల పని భయపెట్టడం కాదు, చూస్తూ ఉండడమే. అదే పద్ధతి ఇక్కడ పెడుతున్నాం. ప్రతి బ్యాచ్ వెనక మా మనిషి ఒకరు టార్చితో నడుస్తారు. ఆడవాళ్లు మాకు విడిగా బ్యాచ్ కావాలంటే ఏ సమయంలోనైనా ఇస్తాం, అడగడానికి మొహమాట పడకండి. మా పిల్లల మీద చెయ్యి వేస్తే అప్పటికప్పుడు లైట్లు వేసి బయటికి పంపిస్తాం, పోలీసు అవుట్‌పోస్టుకి అప్పగిస్తాం, ఎవరి మనిషైనా సరే.

మా మామగారి నాగకన్య స్టాల్ గుర్తున్నవాళ్లకి ఒక సంతోషం. ఆడమనిషి తల, పాము ఒళ్లు, పక్కనుంచి మాట్లాడించే మనిషి, అరవై దాటినవాళ్లు ఇప్పటికీ నన్ను దాని గురించి అడుగుతారు. అదంతా అద్దం పని. 1862లో లండన్‌లో పెప్పర్ అనే ఆయన ఏటవాలు గాజుతో వేదిక మీద దెయ్యాన్ని చూపించాడు. 1969లో తెరిచిన డిస్నీలాండ్ హాంటెడ్ మాన్షన్‌లో గాల్లో నాట్యం చేసే దెయ్యాలూ ఆ గాజు కిటుకే. మామగారు ఈ పేర్లేవీ వినలేదు, అద్దాన్ని ఎంత వాలుగా నిలబెట్టాలో చేత్తో కొలిచేవారు. మిల్లు చివరి గదిలో ఆ పద్ధతి మళ్లీ పెడుతున్నాం, గాజు బదులు తేలిగ్గా పగలని యాక్రిలిక్ షీటుతో. అక్కడ ఎవరు కనిపిస్తారన్నది చెప్పను.

తొలేళ్ల రాత్రి, అంటే సిరిమానోత్సవం ముందు రాత్రి, షో ఉంటుంది. సిరిమానోత్సవం మంగళవారం నాడు సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగి పూర్తయ్యేదాకా కౌంటర్ తెరవం, స్పీకర్లు వేయం. మా వాళ్లు కూడా అమ్మవారిని చూసుకోవాలి. మిగతా రోజుల్లో సాయంత్రం ఆరింటి నుంచి.

గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, మూర్ఛ వచ్చేవాళ్లు దయచేసి లోపలికి వెళ్లొద్దు. రెండు గదుల్లో లైట్లు వేగంగా మిణుకుతాయి. పన్నెండేళ్లలోపు పిల్లలతో వచ్చిన తల్లిదండ్రులు వంతులవారీగా వెళ్లండి, పిల్లల్ని కౌంటర్ పక్కన కూర్చోబెడితే మా అత్తగారు చూసుకుంటారు. లోపల ఎక్కడైనా భరించలేకపోతే రెండు చేతులూ పైకెత్తండి, వెనకున్న మనిషి దగ్గర్లోని తలుపు తీసి బయటికి తీసుకొస్తాడు. టికెట్ కొన్నాక గుమ్మం దగ్గర మనసు మారితే 80 రూపాయలూ తిరిగి ఇస్తాం, కారణం అడగం. ఫోన్లు జేబులోనే ఉంచండి, స్క్రీన్ వెలుగు పడితే మీ వెనక వచ్చేవాళ్ల భయం పోతుంది. లైన్లో నిలబడకుండా సమయం రాసిన టోకెన్లు ఈసారి కౌంటర్లో ఇస్తున్నాం. టోకెన్ తీసుకుని జెయింట్ వీల్ ఎక్కి, బజ్జీలు తిని, మీ సమయానికి వస్తే సరిపోతుంది.