జలపాతం దగ్గరి ఆ టాయిలెట్ల తాళం ఎప్పుడు తీయిస్తారు మంత్రి గారూ?

మంత్రి గారికి నమస్కారం.

ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను సార్. మొదటిది రెండేళ్ళ కింద అక్కడే టికెట్ కౌంటర్‌లో ఇచ్చాను, రెండోది ఆఫీసుకి సెలవు పెట్టి మరీ సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్ళి లైన్లో నిలబడి ఇచ్చి రసీదు తెచ్చుకున్నాను, మూడోది ఫోటోలతో సహా ఆన్‌లైన్‌లో పెట్టాను. ఆన్‌లైన్ దానికి మాత్రం జవాబొచ్చింది, "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని. నిజమే అనుకున్నాం. ఆ ఆదివారమే పిల్లల్ని, అత్తమ్మని కార్లో ఎక్కించుకుని పొద్దున్నే బయల్దేరి వెళ్ళాం. తాళం అట్లానే ఉంది సార్. అదే తాళం, అదే తుప్పు, తలుపు కింద ఎండిన ఆకుల కుప్ప కూడా కదల్లేదు.

ఆ జలపాతం పేరు ఇక్కడ రాయట్లేదు. రాస్తే రేపు పొద్దున టికెట్లు చించే ఆ పిల్లాడి మీదికి వస్తుంది. అతని తప్పేం లేదు, ఒకసారి అత్తమ్మకి కళ్ళు తిరిగితే తన కుర్చీ తెచ్చి వేసింది అతనే. పేరు, ఫోటోలు, తేదీలు అన్నీ మీ దగ్గరున్న అర్జీల్లో ఉన్నాయి.

మాది మామూలు ఇల్లు సార్. ఇద్దరం ఉద్యోగాలు, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ. ఊటీలు, కేరళలు ఏడాదికోసారి కూడా కుదరవు. అందుకని నెలకో ఆదివారం ఫోన్లు పక్కన పెట్టేసి, పులిహోర, పెరుగన్నం సద్ది కట్టుకుని, పొద్దున పోయి రాత్రికి వచ్చేలా ఏదో ఒక అడవికి పోతాం. వికారాబాద్ దగ్గరి అనంతగిరితో మొదలుపెట్టాం, మూసీ ఈ గుట్టల్లోనే పుడుతుందని చెప్తే మా చిన్నోడు అస్సలు నమ్మలేదు, మనం బ్రిడ్జి మీద ముక్కు మూసుకుని దాటే నది ఇదేనా అని పదిసార్లు అడిగాడు. నల్లమలలో ఫరహాబాద్ సఫారీకి పోయినప్పుడు గైడ్‌గా వచ్చిన చెంచు అబ్బాయి జీపు ఆపించి, నల్లమద్ది చెట్టు బెరడు మీద వాడి చెయ్యి పెట్టించాడు, మొసలి వీపు లెక్క ఉందా లేదా అని. ఎండాకాలంలో ఈ చెట్టు బోదెలో నీళ్ళుంటాయని, గాటు పెడితే కారతాయని, అడవిలో తిరిగేవాళ్ళకి అవే తాగేనీళ్ళని చెప్పాడు. మావాడు వారం రోజులు స్కూల్లో అదే చెప్పుకున్నాడు. ఏ పుస్తకం చెప్తుంది సార్ ఇట్లా?

అమ్రాబాద్ అడవి 2,611 చదరపు కిలోమీటర్లు, దేశంలోనే పెద్ద టైగర్ రిజర్వుల్లో ఒకటి, మన ఇంటి నుంచి పొద్దున టిఫిన్ టైముకి చేరుకునే దూరంలో ఉంది. ఇంత అదృష్టం ఎన్ని నగరాలకి ఉంటుంది? మల్లెల తీర్థం జలపాతానికి 350 దాకా మెట్లు, కుంటాల జలపాతానికైతే 400 పైనే. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తమ్మ మెట్టు మెట్టుకీ ఆగుతూ, మనవరాలి భుజం పట్టుకుని దిగుతుంది. కిందికి దిగాక చీర కొంచెం పైకి పట్టుకుని నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చుంటుంది చూడండి, ఆ మొహం చూస్తే మళ్ళీ నెల పెట్రోల్ డబ్బులు ఎట్లాగో అట్లా తీసి పక్కన పెట్టాలనిపిస్తుంది. వచ్చేటప్పుడు రోడ్డు పక్కన గంపలు పెట్టుకుని కూర్చున్న అక్కల దగ్గర సీతాఫలాలు కొంటాం, బాలానగర్ సీతాఫలం అంటే మన పాలమూరు పేరే కదా. మక్కకంకులు కాల్పించుకుని తింటాం. ఊళ్ళోవాళ్ళకి నాలుగు రూపాయలు, మాకు నాలుగు కబుర్లు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇంత ప్రేమగా పోయేవాళ్ళం కూడా పోవాలంటే భయపడుతున్నాం అని చెప్పడానికి. టాయిలెట్ లేక సార్. ఇంకేం కాదు, టాయిలెట్ లేక.

మగవాళ్ళకి ఇది అర్థం కాదని అనను, మా ఆయనకి బాగానే అర్థమైంది. కానీ ఆయన బండి ఆపి చెట్టు చాటుకి పోయి రెండు నిమిషాల్లో వస్తాడు. మేం ఏం చేస్తామో తెలుసా? శనివారం రాత్రి నుంచే లెక్క మొదలవుతుంది. పొద్దున టీ సగం కప్పు. నీళ్ళు గొంతు తడిసేంతే. కార్లో స్టీల్ బాటిళ్ళు నిండా నీళ్ళుంటాయి, తాగం. అడవిలో ప్లాస్టిక్ వద్దన్నారు, చాలా మంచి పని, మేం ఎప్పటి నుంచో స్టీలువే తీసుకుపోతున్నాం, కానీ ఆ నీళ్ళు మళ్ళీ ఇంటికి అట్లానే వస్తున్నాయి సార్. దార్లో పెట్రోల్ బంకులో ఒకసారి ఆగుతాం, అదే చివరిది, ఆ తర్వాత మళ్ళీ సాయంత్రం అదే బంకు దాకా బిగబట్టుకోవడమే. అత్తమ్మకి షుగర్. గంటన్నరకోసారి పోవాల్సిన మనిషి ఆరు గంటలు ఆపుకుంటుంది. పోయినేడు రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది, డాక్టరమ్మ నీళ్ళు ఎందుకు తాగట్లేదని కోప్పడింది, అత్తమ్మ నా వైపు చూసింది. ఏం చెప్పమంటారు? ఆమెని ఆ ట్రిప్‌లకి తీసుకుపోయింది నేనే కదా.

అక్కడ టాయిలెట్లు కట్టలేదా అంటే కట్టారు. మీకు తెలుసు. రెండు గదులు ఆడవాళ్ళకి, రెండు మగవాళ్ళకి, పైన నల్ల వాటర్ ట్యాంకు, గోడకి నీలం రంగు, గోడ మీద చక్కటి బొమ్మలు. కట్టినప్పటి నుంచి ఒక్కసారి, అది కూడా ప్రారంభం రోజు తెరిచారట, మక్కకంకులు అమ్మే అక్క చెప్పింది. అడిగిన ప్రతిసారీ ఒక్కో మాట. మోటారు కాలిపోయింది, వచ్చే వారం వస్తుందన్నారు. తర్వాత మనిషిని పెట్టాలి, టెండరు అవ్వాలన్నారు. తర్వాత సీజన్ మొదలయ్యాక తీస్తామన్నారు. సీజన్ మొదలైంది, నీళ్ళు దూకుతున్నాయి, పార్కింగ్‌లో చోటు లేదు, తాళం తీయలేదు. ఎంట్రీ టికెట్ తీసుకున్నారు, పార్కింగ్ టికెట్ తీసుకున్నారు, కెమెరాకి వేరే టికెట్ తీసుకున్నారు, అన్నీ ఇచ్చాం, ఇంకో పది తీసుకోండి ఇస్తాం, ఆ తలుపు తీయండి సార్.

పోయిన దసరా సెలవుల్లో జరిగింది చెప్తాను. చెప్పకూడదనుకున్నా, మా పెద్దదాన్ని అడిగి, అది సరే అన్నాకే రాస్తున్నా. దానికి పన్నెండేళ్ళు. అంతకు నాలుగు నెలల ముందే పెద్దమనిషి అయింది, తారీఖులు ఇంకా కుదురుకోలేదు. సగం మెట్లు దిగాం, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏంట్రా అంటే మాట లేదు, కళ్ళ నిండా నీళ్ళు. అప్పుడు చూశాను, లేత పసుపు డ్రెస్. నా చున్నీ తీసి నడుముకి చుట్టి పైకి తీసుకొచ్చాను, మెట్ల నిండా జనం, రీల్స్ చేసుకునే కుర్రాళ్ళు, పాచి పట్టిన మెట్లు, పట్టుకోవడానికి రెయిలింగ్ లేదు. పైకొస్తే తాళం. కౌంటర్‌లో అడిగితే తాళంచెవి సారు దగ్గరుంది, సారు ఈరోజు రాలేదు అన్నారు. ఆ బిల్డింగు వెనక్కి తీసుకుపోయా. కింద పగిలిన బీరు సీసాలు, చుట్టూ కోతులు. మా అత్తమ్మ వంగలేని నడుముతో కొంగు రెండు చేతులా తెరలా పట్టుకుని మాకు వీపు పెట్టి నిలబడింది. ఇంకో పక్క ఖాళీగా ఉంది. అప్పుడు బుర్ఖా వేసుకున్న ఒకావిడ, ఎవరో తెలీదు, ఏమీ అడక్కుండా వచ్చి తన దుపట్టా పట్టుకుని ఆ పక్కన నిలబడింది. మా పిల్ల ఏడుస్తూ మార్చుకుంది. చెయ్యి కడుక్కోడానికి నల్లా లేదు, తాగే నీళ్ళతోనే కడిగాను. పాత ప్యాడ్ వెయ్యడానికి చెత్తబుట్ట లేదు, మురుకుల కవర్లో చుట్టి ఇంటి దాకా తెచ్చాను. దారంతా అది ఒక్క మాట మాట్లాడలేదు. సీతాఫలాల దగ్గర ఆపితే దిగలేదు, ఎప్పుడూ గంపలో చెయ్యి పెట్టి కన్ను విచ్చిన కాయలు ఏరేది అదే.

ఆ దుపట్టా పట్టుకున్న తల్లికి థాంక్స్ కూడా సరిగ్గా చెప్పలేదు. ఈ లేఖ ఆమె కంట పడితే చెప్తున్నా, మీ రుణం తీర్చుకోలేను అమ్మా.

ఇది మా ఒక్క ఇంటి గోల అనుకోకండి సార్. మహాలక్ష్మి ఫ్రీ బస్సు డిసెంబర్ 2023లో మొదలయ్యాక ఎంతమంది ఆడవాళ్ళు బయటికి వస్తున్నారో మీరే చూస్తున్నారు, జన్మలో ఊరు దాటని పెద్దమ్మలు పదేసి మంది కలిసి గుడికి, ఆ పక్కనున్న జలపాతానికి వస్తున్నారు. బస్సు ఎక్కించారు, సంతోషం. దిగాక ఆ ముసలమ్మ ఎక్కడికి పోవాలి? కార్లున్న మాకే ఇట్లా ఉంటే, కారు లేనివాళ్ళకి పెట్రోల్ బంకు కూడా లేదు కదా.

అడవిలో ఎక్కువ కట్టడాలు వద్దని కొందరు అధికారులు చెప్పారు. నేనూ అదే అంటాను. మాకు గ్లాస్ బ్రిడ్జి వద్దు, రిసార్టు వద్దు, రంగురంగుల లైట్లు అసలే వద్దు, అక్కడుండే జంతువుల ఇల్లు అది. కట్టింది తెరవమంటున్నా అంతే. కొత్తగా పెట్టాల్సిన చోట డ్రైనేజీ లేదంటారా, రైలు బోగీల్లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ వాళ్ళ పరిజ్ఞానంతో బయో టాయిలెట్లు పెట్టారు, కదిలే రైల్లో కుదిరింది కదలని చోట ఎందుకు కుదరదు? మనుషులు లేరంటారా, ఆ పక్క ఊళ్ళో మహిళా సంఘం ఉంది, వాళ్ళకి అప్పజెప్పండి, మనిషికి ఐదు రూపాయలు తీసుకోమనండి. మక్కకంకుల అక్కని నేనే అడిగాను, ఇస్తే మేం చూసుకుంటాం, మాకూ ఆ బాధ రోజూ ఉన్నదే అంది. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఆ గేటు దగ్గరే కూర్చునే ఆడవాళ్ళు వాళ్ళు. వాళ్ళ గురించి నేను అప్పటిదాకా ఆలోచించనే లేదు, అది నా తప్పు.

ఇంకా రాయాలంటే చాలా ఉన్నాయి. పాచి మెట్ల పక్కన రెయిలింగ్, ముసలివాళ్ళు మధ్యలో కూర్చోడానికి రెండు బెంచీలు, నీళ్ళు నింపుకునే ఒక నల్లా, తడిసిన బట్టలు మార్చుకునే గది, మూత ఉన్న చెత్తబుట్ట. అవన్నీ మెల్లగా చేయండి, ఏడాది పట్టినా అడగను. తాళం మాత్రం ఇప్పుడు తీయించండి. మోటారు ఒక్కటి, మనిషి ఒక్కరు, తాళంచెవి ఒక్కటి. సారు రాకపోయినా తాళంచెవి అక్కడే ఉండాలి, ఆ ఒక్క మాట ఆర్డర్‌లో రాయించండి సార్, దండం పెడతా.

దసరా సెలవులు దగ్గరికొస్తున్నాయి. చిన్నోడు ఇప్పటి నుంచే జలపాతం అంటున్నాడు. పెద్దది నిన్న క్యాలెండర్ ముందు నిలబడి వేళ్ళు లెక్కపెట్టుకుని, నేను ఇంట్లో ఉంటాలే అమ్మా, మీరు పోయి రండి అంది. అత్తమ్మ కూడా దానికి తోడు నేనుంటా అంటోంది. వాళ్ళిద్దరినీ వదిలేసి నేను పోను. సెలవుల్లోపు ఆ తలుపు తెరిపించి, ఒక్క ఫోటో తీయించి నా మూడో అర్జీకి జవాబుగా పంపండి, అది చూపించి వాళ్ళని నేను ఒప్పించుకుంటాను.

ఇట్లు,
మూడు అర్జీలు పెట్టిన ఒక తల్లి,
హైదరాబాద్