తొలి సముద్రం వంద డిగ్రీల కోసం ఆగలేదు

సంపాదకులకు,

‘భూమి వంద డిగ్రీలకు చల్లబడ్డాక ఆవిరి వానై కురిసి సముద్రాలు నిండాయి’ అనే మాట విజ్ఞాన వ్యాసాల్లో తరచూ కనిపిస్తుంది. సబబుగానే వినిపిస్తుంది కానీ, పీడనం సంగతి మరిచిపోయి రాసిన మాట అది.

నీరు వంద డిగ్రీల దగ్గర మరిగేది ఇప్పటి వాతావరణ పీడనంలోనే; పీడనం పెరిగితే అంతకన్నా ఎక్కువ వేడి దగ్గర కూడా ద్రవంగానే ఉంటుంది. నేటి సముద్రాలన్నీ ఆవిరైతే ప్రతి చదరపు మీటరు మీద సుమారు 2,700 టన్నుల బరువు పడుతుంది. అంటే ఇప్పటి పీడనానికి దాదాపు 270 రెట్లు. కార్బన్ డయాక్సైడ్ దానికి అదనం. నీటి ఆవిరి 374 డిగ్రీల కిందికి దిగితే చాలు, ద్రవంగా విడివడగలదు. 350 డిగ్రీల దగ్గర ఆవిరిగా నిలిచేది 165 రెట్ల పీడనానికి సరిపడా మాత్రమే, మిగతాదంతా నీరై దిగాల్సిందే. తొలి సముద్రాన్ని ప్రెషర్ కుక్కర్‌లోని నీళ్లలా ఊహించుకోవాలి.

ఇంత ఆవిరి ఎక్కడిది? భూమిని మరో పెద్ద గోళం గుద్దుకుని, చంద్రుడి పుట్టుకకు దారితీసిన ఆ ఢీ తర్వాత భూమి పైభాగం కరిగి శిలాద్రవమైంది. అది గడ్డకట్టేటప్పుడు ఖనిజ స్ఫటికాలు నీటిని పెద్దగా ఇముడ్చుకోవు. మిగిలిన ద్రవంలో నీటి శాతం పెరుగుతూ పోయి, చివరికి ఆవిరిగా పైకి తన్నుకొస్తుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్ జిర్కాన్లలో (అతి పురాతన ఖనిజ స్ఫటికాల్లో) ఆక్సిజన్-18 అనే బరువైన ఆక్సిజన్ కాస్త ఎక్కువగా ఉంది. రాళ్లు ద్రవ నీటితో చర్య జరిపితేనే ఇలా పెరుగుతుంది కాబట్టి, సుమారు 430 కోట్ల ఏళ్ల కిందటికే నేల మీద ద్రవరూపంలో నీరుంది.

నీరంతా తోకచుక్కలే తెచ్చాయన్న వాదనకు డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) అడ్డొస్తుంది. సముద్రపు నీటిలో పది లక్షల హైడ్రోజన్ పరమాణువులకు దాదాపు 156 డ్యుటీరియం ఉంటాయి. 2014లో రోసెట్టా అంతరిక్ష నౌక 67పి అనే తోకచుక్క దగ్గర కొలిస్తే సుమారు 530 తేలాయి. కార్బన్ ఎక్కువగా ఉండే ఉల్కల్లో మాత్రం ఈ నిష్పత్తి సముద్రానికి దగ్గరగా ఉంది. తోకచుక్కల వాటా అసలే లేదనలేం గానీ, ప్రధాన వాటా వాటిది కాదు.

ఇక ఆ తొలి గాలిలోని మిగతా వాయువుల సంగతి: కార్బన్ డయాక్సైడ్ క్రమంగా నీటిలో కరిగి సున్నపురాయిగా మారింది. చర్యల్లో అంతగా పాల్గొనని నత్రజని గాలిలోనే మిగిలింది. ఆర్గాన్ కథ వేరు: నేటి గాలిలో 0.93 శాతం ఉన్న ఈ వాయువు దాదాపు అంతా రాళ్లలోని రేడియోధార్మిక పొటాషియం-40 క్షయమై పుట్టి, మెల్లగా బయటికొచ్చినదే.

ఇంకొకటి, ఈ వ్యాసాలకు వేసే బొమ్మల గురించి. తొలి భూమి మీద అగ్నిపర్వతాలు ఎగసే మంటలతో కనిపిస్తాయి. లావా ఎర్రగా మెరుస్తుంది, నిజమే. కానీ మంట మండాలంటే ఆక్సిజన్ కావాలి. గాలిలో అది పోగుపడటం మొదలైంది దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందట మాత్రమే.

భవదీయులు,
కొందరు భూశాస్త్ర అధ్యాపకులు