మా సందుకు మురుగు పైపు, కొళాయి వచ్చాయి: తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

బెంగళూరులో పెద్ద అపార్ట్‌మెంట్ల వెనక ఉన్న మా రేకుల ఇళ్ల సందుకు పోయిన వారం కొళాయి నీళ్లు వచ్చాయి. అంతకుముందే మురుగు పైపు పడింది. కదిరి, మదనపల్లె, హిందూపురం వైపు నుంచి కూలికొచ్చి ఇక్కడే పిల్లల్ని పెంచుకున్న మా అందరి తరఫున ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

లా చదివే పిల్లలకు ముందుగా దండం పెట్టాలి. 1973 నాటి కర్ణాటక స్లమ్ చట్టం మూడో సెక్షన్ కింద ప్రభుత్వం ప్రకటిస్తేనే ఒక బస్తీ స్లమ్ బోర్డు లెక్కలోకి వస్తుంది. మాది ప్రకటించని బస్తీ. ఏ ఆఫీసుకు పోయినా "మీరు లిస్టులో లేరు" అనేవాళ్లు. ఆ పిల్లలు ఆదివారాలు మా గడపల్లో కూర్చుని రేషన్ కార్డు, ఓటరు కార్డు, బడి సర్టిఫికెట్ ఏది దొరికితే అది పెట్టి ఇంటింటికీ ఫైలు కట్టారు. ఏ కాగితమూ లేని అవ్వ పెట్టెలోంచి మనవడి పాత టీకా కార్డు వెతికి తీశారు. బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని 1985లో బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో సుప్రీంకోర్టు అన్న సంగతి వాళ్లు చెబితేనే మాకు తెలిసింది. ఖాళీ చేయించడాన్ని ఆ తీర్పు పూర్తిగా ఆపలేదన్న సంగతీ దాచలేదు. అందుకే వాళ్ల మీద అంత నమ్మకం కుదిరింది.

రిటైర్డ్ ఇంజనీరు సార్ మా తెలుగాయనే. కరాచీలోని ఒరంగీ అనే పెద్ద బస్తీలో 1980ల నుంచి జనం సందు సందుకూ చందాలేసుకుని మురుగు పైపులు ఎలా వేసుకున్నారో చెప్పారు. సందులోపలి పని మాది, మెయిన్ లైను నీళ్ల బోర్డుది అని వాళ్ల పద్ధతే ఇక్కడా కుదిర్చారు. పారదర్శకంగా ఉండే సన్న ట్యూబులో నీళ్లు పోసి, ఒక కొస మేస్త్రీ చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకుని మట్టం చూశారు. పది అడుగులకు రెండు అంగుళాల వాటం ఉండాలని గోడల మీద సుద్దముక్కతో గీతలు గీయించారు. మా మేస్త్రీలు ఆ గీతలు తప్పకుండా తవ్వారు. మొన్నటి వానకు సందులో నీళ్లు నిలవలేదు, ఎవరింట్లోకీ మురుగు రాలేదు.

బస్తీ బాగు చేయడమంటే మనుషుల్ని ఊరి చివరికి తోలేయడం కాదని నేను గట్టిగా నమ్ముతాను. మా ఆడవాళ్లు నడిచిపోయి ఇళ్ల పని చేసుకునేది ఇక్కడే, పిల్లల బడీ ఇక్కడే. పనిచేసిన ఇళ్లలో మా కోసం సంతకాలు పెట్టిన అమ్మలకు, చందా లెక్క పైసాతో సహా రాసిన అంగడి అక్కకు, కొళాయికి మంజూరు ఇచ్చేముందు స్వయంగా సందంతా నడిచి చూసిన నీళ్ల బోర్డు ఇంజనీరు మేడమ్‌కు చేతులెత్తి మొక్కుతున్నాం.

ట్యాంకర్ కోసం ఇక ఎవరూ కూలి పోగొట్టుకోవడం లేదు. బస్తీని ప్రకటించమన్న అర్జీ ఇంకా ఆఫీసులోనే ఉంది, హక్కు పత్రాలూ రావాలి. లా పిల్లలు ఈ ఆదివారం కూడా వస్తున్నారు. ఇంకా కాగితాలు ఇవ్వనివాళ్లు అంగడి అక్క దగ్గర ఇవ్వండి.